పాత ద్వారబంధానికి కొత్త తలుపు రెక్క: కొలత తీయడం నుంచి తాళం బిగించే దాకా

తలుపు మార్చాలనుకోగానే చాలామంది పాత రెక్కకు టేపు పెట్టి కొలుస్తారు. పని చెడేది అక్కడే. పాత రెక్క ఏళ్ల తరబడి తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి ఉంటుంది. పట్టేసినప్పుడల్లా ఎవరో ఒకరు చిత్రిక పట్టి ఉంటారు. దాని కొలతతో కొత్తది తెస్తే పాత జబ్బులన్నీ కొత్త తలుపుకూ వస్తాయి. కొలత ఇవ్వాల్సింది ద్వారబంధం. కొనడానికి కావలసిన అంకెలు టేపుతో తీయండి. కోయడానికి, బందులకు (తలుపు తిరిగే కీళ్లకు) కావలసిన గీతలు మాత్రం రెక్కను ద్వారబంధంలో నిలబెట్టి, దాని మీంచే నేరుగా గీయండి.

ఇక్కడ చెప్పేది కొయ్య ద్వారబంధాన్ని అలాగే ఉంచి రెక్క ఒక్కటే మార్చే పని. ఇనుప ద్వారబంధాలకు బందుల పద్ధతి వేరు. అగ్ని నిరోధక ధ్రువీకరణ ఉన్న తలుపు జోలికి సొంతంగా వెళ్లకండి. దాన్ని కోసినా, అదనంగా రంధ్రం వేసినా ఆ రక్షణ పోతుంది.

1. ముందు ద్వారబంధం ఆరోగ్యం చూడండి

అడుగున, గడప దగ్గర, బందుల చుట్టూ స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మొన సులువుగా దిగితే చెక్క కుళ్లిందనో చెద తిన్నదనో అర్థం. సుత్తి పిడితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా అంతే. అలాంటి ద్వారబంధానికి కొత్త రెక్క బిగించడం దండగ. ముందు దాన్ని బాగు చేయించాలి.

తాళం వైపు నిలువు చెక్కను రెండు చేతులతో పట్టి ఊపండి. కదిలినా, గోడ పూతకూ చెక్కకూ మధ్య పగులు కనిపించినా ముందు దాన్ని గోడకు బిగించుకోవాలి.

తర్వాత మూడు పరీక్షలు చేయండి.

- నిలువు: బందుల వైపు చెక్కకు రసమట్టం గానీ గుండు తాడు గానీ పెట్టండి. లోపలికో బయటికో, కుడికో ఎడమకో వాలిందేమో రెండు ముఖాల మీదా చూడండి.
- మూలలు: పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలకు, పై కుడి నుంచి కింది ఎడమకు కొలవండి. తేడా 3 మి.మీ. లోపు ఉంటే ఇబ్బంది లేదు. అంతకంటే ఎక్కువైతే రెక్క పై అంచును ఆ వాలుకు తగ్గట్టు కోయాలి.
- మెలిక: నాలుగు మూలలకూ మేకులు కొట్టి రెండు దారాలు ఎదురెదురు మూలలకు బిగుతుగా కట్టండి. మధ్యలో రెండూ తాకీ తాకకుండా ఉండాలి. వాటి మధ్య 3 మి.మీ. ఖాళీ ఉంటే ఒక మూల సుమారు 6 మి.మీ. ముందుకో వెనక్కో ఉందన్నమాట. దారాలు ఒకదాన్నొకటి నొక్కుతుంటే ముందున్నదాన్ని వెనక్కి మార్చి మళ్లీ చూడండి.

మెలిక పరీక్షను దాదాపు అందరూ వదిలేస్తారు. కొత్త తలుపు మూస్తే పైన ఆనుకుని కింద తెరిచి ఉండటానికి తరచు కారణం ఈ మెలికే. రెక్కను తప్పు పట్టి వెనక్కి పంపే ముందు దారం కట్టి చూడండి.

2. కొనడానికి కొలతలు

ద్వారబంధంలో రెక్క మూసుకుని ఆనే మెట్టు ఉంటుంది. వెడల్పును ఆ మెట్టు లోపలి అంచు నుంచి అంచుకు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి. ఎత్తును ఎడమ, కుడి రెండు వైపులా తీయండి. మెట్టు లోతు కూడా రాసుకోండి. రెక్క మందం దానికి సరిపోవాలి. 35 మి.మీ. మెట్టులో 30 మి.మీ. రెక్క పెడితే తలుపు లోపలికి కుంగినట్టు కనిపిస్తుంది, పాత బందుల స్థానం కూడా కుదరదు.

ఉండాల్సిన సందులు ఇవి:

- పైన 3 మి.మీ.
- బందుల వైపు 2 మి.మీ.
- తాళం వైపు 3 మి.మీ.
- కింద 6 నుంచి 10 మి.మీ. వరకు. తివాచీ పరిచే గదిలో దాని మందం కూడా కలుపుకోండి.

పైన 814, మధ్యలో 811, కింద 809 మి.మీ. వెడల్పు వచ్చిందనుకోండి. అన్నింటికంటే తక్కువ కొలత తీసుకుని 5 మి.మీ. తగ్గించండని సాధారణంగా చెబుతారు. కోయడానికి వీలులేని ఫైబర్, పీవీసీ, లోపల బోలుగా ఉండే రెక్కలకు అదే దారి. గట్టి చెక్క రెక్కకు మాత్రం అది సరికాదు. 804 మి.మీ. రెక్క తెస్తే కింద సందు సరిగ్గా ఉండి, పైన 10 మి.మీ. ఖాళీ నోరు తెరుచుకుని కనిపిస్తుంది. గట్టి రెక్కయితే 814 లేదా ఆపైన ఉన్నది తెచ్చి, ద్వారబంధం వాలుకు తగ్గట్టు కోసుకోండి. పై నుంచి కింది దాకా సందు ఒకేలా వస్తుంది.

నేలను మరచిపోవద్దు. తలుపు తెరుచుకునే దారి మొత్తం మీద పొడవాటి తిన్నని బద్ద పరిచి, నేల ఎక్కడ ఎత్తుగా ఉందో చూడండి. కింది సందును గడప దగ్గర కాకుండా ఆ ఎత్తైన చోట నుంచి లెక్కకట్టాలి. లేకపోతే మూసినప్పుడు బాగానే ఉన్న తలుపు సగం తెరిచేసరికి నేలకు రాసుకుంటుంది.

3. రెక్క ఎంచుకునేటప్పుడు

పడకగదులకు, లోపలి గదులకు గట్టి ఫ్లష్ డోర్ (రెండు ముఖాలూ చదునుగా ఉండే రెక్క) మన్నికైనది. బరువు ఎక్కువ. 2100 × 900 మి.మీ., 35 మి.మీ. మందం ఉన్నది 30 కిలోలు దాటుతుంది. బోలు రెక్క తేలిక. కానీ దాని అంచుల్లో గట్టి చెక్క సన్నని పట్టీగానే ఉంటుంది. ఆ పట్టీ దాటి కోస్తే లోపలి బోలు బయటపడుతుంది. పైగా తాళం బిగించడానికి గట్టి దిమ్మ ఒక వైపే పెడతారు. ఆ వైపు ఏదో రెక్క అంచు మీద గుర్తు ఉంటుంది, లేదా తట్టి చూస్తే తెలుస్తుంది. స్నానాల గదికి తేమను తట్టుకునే పీవీసీ, ఫైబర్, డబ్ల్యూపీసీ (చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది) రకాలే మంచివి.

కొనేచోట రెక్కను అంచు మీద నిలబెట్టి, పొడవునా ఒక కన్నుతో చూడండి. విల్లులా వంగినది వద్దు. చిత్రికతో కొలత తగ్గించవచ్చు కానీ వంపు తీయలేం.

ఇంటికి తెచ్చాక బిగించబోయే గదిలోనే 2, 3 రోజులు బల్లపరుపుగా పడుకోబెట్టి ఉంచండి. గోడకు ఏటవాలుగా ఆనిస్తే అక్కడే వంగుతుంది.

4. దగ్గర పెట్టుకోవాల్సినవి

- టేపు, మూలమట్టం, రసమట్టం, పెన్సిల్, పదునైన కత్తి
- సన్న పళ్ల రంపం, చిత్రిక, 25 మి.మీ. ఉలి, కొయ్య సుత్తి
- డ్రిల్ మిషన్, 3 మి.మీ. బిట్టు, తాళానికి కావలసిన బిట్లు
- 100 మి.మీ. బందులు 3. రెక్క 40 కిలోలు దాటినా, బాగా ఎత్తుగా ఉన్నా 4
- బందులకు సరిపడా స్క్రూలు, 35 నుంచి 40 మి.మీ. పొడవువి
- 3 మి.మీ. మందం అట్టముక్కలు, ఒక పక్క సన్నగా ఉండే వాలు చెక్కలు నాలుగు
- చెక్క జిగురు, ఉప్పు కాగితం, మాస్కింగ్ టేపు, ప్రైమర్
- కంటి అద్దాలు, ముక్కుకు మాస్కు
- తోడుగా ఇంకొక మనిషి

ఉలి పదును ముందే చూసుకోండి. వేలి గోరు మీద ఆనిస్తే జారకుండా పట్టుకోవాలి. మొద్దు ఉలితో బందు గాడి (బందు పలక, అంటే రేకు, కూర్చునే పల్లం) చెక్కితే చెక్క తెగదు, చిట్లుతుంది.

5. పాత రెక్క దింపడం

తలుపును సగం తెరిచి, కింద వాలు చెక్కలు దూర్చి బరువంతా వాటి మీదకు తెండి. రెండో మనిషి రెక్క పట్టుకోవాలి. కింది బందు స్క్రూలు ముందు, మధ్యవి తర్వాత, పైవి చివర తీయండి. పై బందు ముందు తీస్తే రెక్క మనిషి మీదకు వాలుతుంది.

రంగు నిండిన స్క్రూ తిరగకపోతే గాడిలో రంగును కత్తి మొనతో శుభ్రం చేసి, స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేయండి. తర్వాత కొద్దిగా బిగించే వైపు తిప్పి, ఆ మీదట వదులు చేయండి. ఏళ్లనాటి రంగులో సీసం ఉండే అవకాశం ఉంది. పొడిగా రుద్దకుండా తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ద్వారబంధంలో వదులైన స్క్రూ రంధ్రాల్లో జిగురు పూసిన చెక్క పుల్లలు బిగుతుగా దిగ్గొట్టి, ఒక రోజు ఆరనిచ్చి అంచుకు సమంగా కోయండి. కొత్త స్క్రూలకు కొత్త చెక్క దొరుకుతుంది.

6. రెక్కను ద్వారబంధానికి సరిపెట్టడం

కొత్త రెక్కను ద్వారబంధానికి ఆనించి నిలబెట్టండి. పైభాగం ఏదో, బందుల వైపు ఏదో పెన్సిల్‌తో పెద్దగా రాయండి. ఈ రాత లేక తలకిందులుగా కోసిన తలుపులు తక్కువేం కాదు.

మొదట బందుల వైపు అంచును నిలువు చెక్కతో పోల్చి, వంకర ఉంటే చిత్రికతో సరిచేయండి. తర్వాత పై అంచు, ఆపైన తాళం వైపు, చివర కింది అంచు. ఈ వరుస మార్చకండి. ఒక్కో అంచు తర్వాతి అంచుకు ఆధారం.

కోయాల్సిన గీతను కత్తితో రెక్క చుట్టూ గట్టిగా గీయండి. పై పొర ముందే తెగి ఉంటుంది కాబట్టి రంపం పళ్లకు పెచ్చులు లేవవు. గీతకు 1, 2 మి.మీ. బయటే కోసి, మిగిలింది చిత్రికతో తీయండి. పై, కింది అంచుల్లో చిత్రికను మూలల నుంచి మధ్యకు పట్టాలి. మూల దాటించి బయటికి తోస్తే అక్కడి చెక్క చీలిపోతుంది. 5 మి.మీ. కంటే ఎక్కువ తగ్గించాల్సి వస్తే రెండు పక్కలకూ సమంగా పంచండి.

తాళం వైపు అంచును కాస్త వాలుగా చేయాలి. రెక్క మూసుకునేటప్పుడు మెట్టు వైపున్న మూల బందు ఇరుసుకు దూరంగా ఉంటుంది, అదే ముందు వెళ్లి తగులుతుంది. ఆ వైపు 2 మి.మీ. ఎక్కువ చిత్రిక పడితే చాలు. మూలల పదును ఉప్పు కాగితంతో తీసేయండి.

7. బందులు: పనంతా ఇక్కడే

రెక్కను ద్వారబంధంలో వాలు చెక్కల మీద నిలబెట్టండి. పైన రెండు 3 మి.మీ. అట్టముక్కలు దూర్చి, కింది చెక్కల్ని లోపలికి తోస్తూ రెక్కను అట్టలకు తగిలేదాకా లేపండి. పక్కన బందుల వైపుకు నొక్కి పట్టండి. ఇప్పుడు ద్వారబంధంలోని పాత గాడుల పై, కింది అంచులను కత్తి మొనతో రెక్క మీదకు దించండి. ఇక్కడ టేపు వద్దు. మూడు గాడుల్లో ఒక్కటి 2 మి.మీ. తప్పినా రేకులు కలవవు.

పాత గాడులు పనికిరాకపోతే కొత్తగా ఇలా పెట్టుకోండి. పై బందు పైకొస రెక్క పైనుంచి 175 మి.మీ., కింది బందు కింది కొస రెక్క అడుగు నుంచి 225 మి.మీ., మూడోది మధ్యలో. బరువైన రెక్కకు మూడో బందును పైదానికి దగ్గరగా జరపండి. బరువు లాగేది పై బందునే.

గాడి చెక్కే వరుస:

1. బందు రేకును గీతల మధ్య పెట్టి, చుట్టూ కత్తితో గీయండి. కణుపు (పిన్ను దూరే గుండ్రటి భాగం) రెక్క ముఖం బయట ఉండాలి.
2. రేకు మందాన్ని రెక్క ముఖం మీద గీయండి. గాడి లోతు సరిగ్గా అంతే.
3. గీతకు కాస్త లోపల ఉలిని నిటారుగా పెట్టి మూడు వైపులా కొట్టండి.
4. మధ్యలో 5 మి.మీ.కి ఒకటి చొప్పున చెక్క పీచుకు అడ్డంగా లోతు తక్కువ కోతలు పెట్టండి.
5. తెరిచి ఉన్న వైపు నుంచి ఉలిని పడుకోబెట్టి పొరలు పొరలుగా తీయండి. చివరి పొరను చేతి ఒత్తిడితోనే, సుత్తి లేకుండా.
6. రేకు పెట్టి వేలితో తడమండి. చెక్కతో సమంగా ఉండాలి.

లోతులో తేడా వస్తే తలుపు నడకే మారిపోతుంది. లోతు ఎక్కువైతే రెక్క మూయబోయేసరికి స్ప్రింగులా వెనక్కి తంతుంది. తక్కువైతే బందుల వైపు సందు పెరిగి, తాళం వైపు రాసుకుంటుంది. లోతు ఎక్కువైన గాడికి రేకు వెనక సన్న అట్ట పెడితే సరిపోతుంది. తక్కువైతే ఇంకొక పొర తీయాలి.

ఇంకొకటి. మూసిన రెక్కకూ మెట్టుకూ మధ్య బందుల వైపు 2 మి.మీ. ఖాళీ ఉండేలా బందును జరపండి. ఈ ఖాళీ లేకపోతే రంగు వేశాక ఆ మందానికే తలుపు బిగుసుకుపోతుంది.

స్క్రూలకు ముందుగా రంధ్రం వేయండి. 4 మి.మీ. స్క్రూకు గట్టి చెక్కలో 3, మెత్తని చెక్కలో 2.5 మి.మీ. బిట్టు. రంధ్రం సరిగ్గా రేకు కన్నం నడిమధ్యన పడాలి. పక్కకు పడితే స్క్రూ తల బిగుస్తూ బందును లాగేస్తుంది. ఇత్తడి స్క్రూలు వాడేవాళ్లు ముందు అదే కొలత ఉక్కు స్క్రూను దించి తీసేసి, తర్వాత ఇత్తడిది వేయాలి. నేరుగా బిగిస్తే ఇత్తడి తల తెగి లోపలే ఉండిపోతుంది. మరలకు కాస్త సబ్బు రాస్తే సులువుగా దిగుతుంది.

8. మొదటిసారి నిలబెట్టి చూడడం

బందులన్నీ రెక్కకు బిగించాక, ద్వారబంధానికి 90 డిగ్రీల్లో రెక్కను వాలు చెక్కల మీద నిలబెట్టండి. పై బందుకు ఒక స్క్రూ, కింది బందుకు ఒకటి, మధ్యదానికి ఒకటి. ఇప్పుడే అన్నీ వేయొద్దు.

నెమ్మదిగా మూయండి. 3 మి.మీ. అట్టను పైన, తాళం వైపు పొడవునా నడిపించండి. అది ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ పెన్సిల్ గుర్తు పెట్టండి. రాసుకునే చోటు తెలియకపోతే ద్వారబంధం అంచుకు సుద్ద రాసి మూసి తెరవండి, రెక్క మీద మచ్చ పడుతుంది.

చిత్రిక అందుకునే ముందు బందుల్ని చూడండి. తాళం వైపు పై మూల రాసుకుంటుంటే పై బందు స్క్రూ వదులైందేమో, గాడి లోతు తక్కువగా ఉందేమో చూడాలి. లేదా కింది బందు వెనక సన్న అట్ట పెడితే పై మూల వెనక్కి జరుగుతుంది. బందులో తప్పును చెక్క కోసి సరిదిద్దితే ఆ చెక్క మళ్లీ రాదు.

9. విప్పి, ఆరు ముఖాలకూ పూత

నడక బాగుందనిపించాక రెక్కను దింపండి. బద్ధకించకండి. పై అంచు, కింది అంచు, బందుల గాడులు, చిత్రిక పట్టిన ప్రతి చోటా ప్రైమర్, ఆపైన రంగు లేదా వార్నిష్ రెండు పూతలు పడాలి. పచ్చి చెక్క తేమను ఎక్కువగా పీల్చేది ఈ అంచుల నుంచే, ముఖ్యంగా అడుగు నుంచి. తలుపు నిలబెట్టాక అడుగుకు కుంచె పోదు. ముందూ వెనకా ఒకే రకం పూత, ఒకే సంఖ్యలో వేయండి. ఒక వైపు వేసి రెండో వైపు వదిలేస్తే తేమ ఒక పక్కనే పీల్చుకుని రెక్క వంగుతుంది. బందులకు మాత్రం రంగు అంటనివ్వకండి.

10. తాళం, గడియ

ద్వారబంధంలో తాళం నాలుక దూరే పాత రేకు మిగిలి ఉంటే ఎత్తు దాన్నుంచే తీసుకోండి. లేకపోతే నేల నుంచి సుమారు 1 మీటరు.

మార్టిస్ తాళానికి (రెక్క అంచులోకి దించి బిగించే తాళం) రెక్క అంచు మధ్యగీత మీద, తాళం పెట్టె మందానికి సరిపడే బిట్టుతో వరుసగా రంధ్రాలు వేయండి. పెట్టె లోతుకు 3 మి.మీ. కలిపి బిట్టుకు టేపు చుట్టుకుంటే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. రంధ్రాల మధ్య మిగిలిన చెక్కను ఉలితో శుభ్రం చేయండి. డ్రిల్ ఏమాత్రం వాలినా రెక్క ముఖం పగులుతుంది. కాబట్టి రెండో మనిషిని పక్కనుంచి చూడమనండి.

పిడికి పెద్ద రంధ్రం ఒకే వైపు నుంచి వేయకండి. ముందు సన్న బిట్టుతో అవతలి ముఖం దాకా వేసి, పెద్ద బిట్టుతో రెండు వైపుల నుంచీ సగం సగం రండి.

నాలుక కొసకు పెన్సిల్ మసి గానీ సుద్ద గానీ పూసి, తలుపు మూసి పిడి తిప్పండి. ద్వారబంధం మీద గుర్తు పడిన చోటే రేకు. 1 మి.మీ. తేడా అయితే రేకు కన్నాన్ని ఆకురాయితో అరగదీయండి. ఎక్కువైతే పాత రంధ్రాలు పూడ్చి రేకును జరపండి. తలుపు తెరిచి ఉంచి తాళం చెవి తిప్పి చూశాకే మూసి చూడండి. లోపలే చిక్కిపోయే ప్రమాదం ఉండదు.

11. బిగించాక వచ్చే చిక్కులు

తలుపు దానంతటదే తెరుచుకుంటోంది, లేదా మూసుకుంటోంది. బందుల కణుపులు ఒకే నిలువు గీతలో లేవు. పై బందునో కింది బందునో 1, 2 మి.మీ. జరిపితే ఆగుతుంది. తేడా స్వల్పమైతే ఇంకో దారి ఉంది. ఒక బందు పిన్ను తీసి, గట్టి నేల మీద పెట్టి నడిమధ్య సుత్తితో తేలికగా తట్టి, మళ్లీ దించండి. ఆ చిన్న వంపు వల్ల వచ్చే రాపిడి రెక్కను ఉన్నచోటే నిలుపుతుంది.

పైన ఆనుతోంది, కింద ఆనడం లేదు. దారం పరీక్షలో కనిపించిన మెలిక ఇదే. ఆనుడు పట్టీ (మెట్టుకు బదులు రెక్క ఆనేలా కొట్టిన చెక్క) విడిగా ఉంటే దాన్ని తీసి, మూసిన రెక్కకు తగ్గట్టు మళ్లీ కొట్టండి. మెట్టు చెక్కలోనే ఉంటే ఒక బందును మెట్టు వైపు, రెండోదాన్ని బయటి వైపు కొద్దిగా జరిపి తేడాను పంచాలి.

కిర్రుమంటోంది. పిన్ను తీసి తుడిచి కొంచెం గ్రీజు రాయండి. కొత్త బందు కిర్రుమంటే ఏదో ఒక స్క్రూ తల రేకు పైకి లేచి రెండో రేకుకు తగులుతోందేమో ముందు చూడండి.

స్క్రూ తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. లావు స్క్రూ వేస్తే చెక్క చీలవచ్చు. జిగురు పుల్లలతో రంధ్రం పూడ్చి, ఆరాక మళ్లీ 3 మి.మీ. రంధ్రం వేయండి. పై బందులో ఒక స్క్రూ మాత్రం 50 మి.మీ.ది వేస్తే పట్టు పెరుగుతుంది.

గాలిలో తేమ పెరిగినప్పుడు మాత్రమే బిగుస్తోంది. వెంటనే చిత్రిక పట్టకండి. ముందు పై, కింది అంచుల పూత చూడండి. పొడి రోజుల్లో పూత సరిచేసి, ఆ తర్వాత కూడా బిగిస్తేనే తాళం వైపు ఒక్క పొర తీయండి. తీసిన చోట మళ్లీ పూత వేయాలి.

నెల రోజుల వాడకం తర్వాత పై బందు స్క్రూలన్నీ ఒకసారి చేత్తో బిగించండి. మిషన్‌తో కాదు. అప్పటికి రెక్క బరువుకు రేకు గాడిలో సర్దుకుని ఉంటుంది. పావు చుట్టు తిరిగితే తిరగనివ్వండి, అక్కడే ఆపండి.